చిత్తడి అవ్వను ఎవరు చూడొచ్చు?

"రాక్షసి గొంతు మీదేనా?"

వెనక్కి తిరిగి చూశాను. తడిసిన పచ్చ రెయిన్‌కోటు, ముక్కు చివర ఒక వాన చుక్క, చేతిలో ముడిచిన గొడుగు. ఆ గొడుగు పట్టుకున్న తీరు చూస్తే మాట తేడా వస్తే పొడిచేలాగే ఉంది.

"రాక్షసిదే కాదండీ. చిన్నపిల్లదీ, తాతదీ, కప్పదీ కూడా నాదే" అన్నాను.

"కప్ప బాగానే ఉంది. రాక్షసి సంగతే మాట్లాడదాం."

అలా మొదలైంది మా పరిచయం. పోలండ్‌లోని పోజ్నాన్‌లో, మా పిల్లల సినిమా హాలు మెట్ల దగ్గర, అక్టోబరు చివరి వానల్లో. మంచి సంబంధాలన్నీ పోట్లాటతోనే మొదలవుతాయని మా అమ్మ అనేది. ఆవిడ మా నాన్నతో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉంది.

నా పని సినిమాలు చదవడం. పరాయి భాషలో వచ్చిన పిల్లల సినిమాలకి మా హాల్లో విడిగా గొంతులు పెట్టించరు. నేనే ముందు వరుస పక్కన చిన్న దీపం, మైకు పెట్టుకుని కూర్చుని, అందరి మాటలూ పోలిష్‌లో అక్కడికక్కడే చదివేస్తాను. మా దేశంలో ఇది కొత్తేమీ కాదు. టీవీలో ముద్దులాడుకునే జంటకీ, వాళ్ల మీద తుపాకీ పేల్చే దొంగకీ ఒకే మగాడు గొంతు ఇస్తాడు. అదీ ఎలా? రైలు పది నిమిషాలు ఆలస్యమని చెప్పినంత నిర్వికారంగా! అందరం ఆ గొంతు వింటూ పెరిగినవాళ్లమే. పిల్లల దగ్గర మాత్రం కాస్త నటించాలి. నేను కాస్త కాదు, బాగా ఎక్కువే నటిస్తానని మా మేనేజర్ లుద్మీలా గారి అభిప్రాయం.

ఆ గురువారం టీచర్లకీ, పిల్లల ఇంటివాళ్లకీ ముందుగా ఒక ఆట వేశాం. సినిమా పేరు 'చిత్తడి అవ్వ'. బొమ్మల్ని వేలితో కదుపుతూ ఒక్కో చిత్రం తీసి చేసిన సినిమా. రెల్లుగడ్డి జుట్టూ, దీపాల్లాంటి కళ్లూ ఉన్న ఒక ముసలిది బురదలోంచి లేచి మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆదివారం దగ్గర్లోని కిండర్‌గార్టెన్ నుంచి ఉడుతల గ్రూపు మొత్తం ఈ సినిమాకి వస్తోంది.

"మా అక్క కూతురు రూతా ఆ ఉడుతల్లోనే ఉంది" అంది పచ్చ రెయిన్‌కోటు అమ్మాయి. "ఐదున్నరేళ్లు. మీరు 'ఊ...నా... రా...వే...' అని పిలుస్తుంటే నాకే కాళ్లు చల్లబడిపోయాయి. ఇది ఐదేళ్ల పిల్లలు చూసే సినిమానా అసలు? ఎనిమిదేళ్లైనా నిండాలి."

"మీకెన్నేళ్లు?"

"ఇరవై ఏడు. ఇప్పుడు అదెందుకు?"

"పోస్టరు మీద వయసు రాయాలి. ఇరవై ఎనిమిది దాటినవాళ్లకే అని రాసేస్తాం."

ఆ అమ్మాయి నవ్వలేదు. వెనకాల లుద్మీలా గారు నవ్వారు. "వయసు ఇంకా రాయలేదమ్మా. వీడు ఐదంటాడు, మీరు ఎనిమిదంటున్నారు. ఇద్దరూ కూర్చుని తేల్చండి. రేపు సాయంత్రానికి చెబితే చాలు. మీ గొడవకంటే నాకు పాప్‌కార్న్ మెషిన్ గొడవ ఎక్కువగా ఉంది" అని చక్కాపోయారు.

"నా పేరు కలీనా" అంది ఆ అమ్మాయి, శత్రువుకి విలాసం ఇచ్చినట్టు. "రేపు నాలుగింటికి నా డ్యూటీ అయిపోతుంది."

"ఏం డ్యూటీ?"

"ట్రామ్ నడుపుతాను. ఎవరు ఎప్పుడు అడ్డం పడతారో ముందే చూసుకోవడం నాకు అలవాటు. మీరు కాస్త జాగ్రత్త."

* * *

మర్నాడు హాలు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. మధ్యలో నా లాప్‌టాప్, చెరో పళ్లెంలో ఉడికించిన బంగాళాదుంపలు, వాటి మీద ఉల్లికాడలు కలిపిన తెల్ల జున్ను. బయట వాన ఆగి ఆగి పడుతోంది.

"చూడండి, పిల్లలు రాక్షసిని చూసి భయపడరు" అన్నాను, పెద్ద అనుభవజ్ఞుడిలా. "పక్కన కూర్చున్న పెద్దవాళ్ల మొహం చూసి భయపడతారు. నేను ముందు వరుసలో కూర్చుని రోజూ చూస్తుంటాను."

"అంటే తప్పు నా మొహానిదా?"

"మీ మొహంలో తప్పేమీ లేదండీ." అనేశాక నాకే చెవులు వేడెక్కాయి.

కలీనా బంగాళాదుంప నోట్లో పెట్టుకుని లాప్‌టాప్ వైపు తిరిగింది. ఆ నవ్వు దాచుకోవడానికే తిరిగిందని నేను ఇప్పటికీ అంటాను, తను ఇప్పటికీ కాదంటుంది.

చిత్తడి అవ్వ బురదలోంచి లేచింది. ఈసారి కలీనా గొడుగు బిగించి పట్టుకోలేదు. మెడ పక్కకి వాల్చి చూసింది.

"రెండోసారి చూస్తే పాపం అనిపిస్తోంది. ఆ జుట్టు దువ్వేవాళ్లే లేరు దానికి."

"చెప్పానా!"

"ఎగరకండి. ఇంకా సినిమా ఉంది."

చీకటి గుహ వచ్చింది. పర్లేదంది. కప్పని అవ్వ మింగేసే చోటు వచ్చింది. మళ్లీ కక్కేస్తుంది కాబట్టి అదీ పర్లేదంది. ఒక్కొక్క చోటా ఆపి, "ఇక్కడ రూతా నవ్వుతుంది", "ఇక్కడ ముక్కు మూసుకుంటుంది" అని చెబుతుంటే నాకు తెర చూడాలనిపించలేదు, తననే చూడాలనిపించింది. నిజానికి అదే చేశాను.

"అయితే ఐదేనా?" అన్నాను.

తెర మీద పొగమంచు. అందులో పడవ. పడవలో, సినిమాలోని చిన్నపిల్ల ఊనా వాళ్ల తాత కదలకుండా పడుకుని ఉన్నాడు. చిత్తడి అవ్వ నీళ్లలో నిలబడి, మొదటిసారి మెల్లగా, ఊనాతో నిజం చెబుతుంది. కలీనా అటు చూడకుండా కిటికీలోంచి వానని చూస్తోంది.

"ఇక్కడ మీరు వేరేగా చదవాలి" అంది.

"వేరేగా అంటే?"

"తాత చచ్చిపోయాడనకండి. ఊరెళ్లాడనండి. వైద్యానికి వెళ్లాడనండి. ఆ భాష ఎవరికి తెలుసు? పిల్లలకి మీరు చెప్పిందే వేదం."

"రాసింది మార్చి చదవకూడదండీ."

"ఒక్క మాట."

"ఆ ఒక్క మాట కోసమే కదా సినిమా అంతా!"

కలీనా ఫోర్కు పక్కన పెట్టింది. "మా నాన్న మార్చిలో పోయారు. రూతాకి ఆయనే లోకం. తాత శానటోరియంకి వెళ్లాడని చెప్పాను దానికి."

నేను నవ్వేశాను.

పప్పులో కాలేశానని అప్పుడే తెలిసింది. కానీ ఏం చెయ్యను? శానటోరియం అంటే మా దగ్గర రిటైరైనవాళ్లకి ప్రభుత్వమిచ్చే మూడు వారాల వైభోగం. పొద్దున ఉప్పునీళ్ల స్నానం, మధ్యాహ్నం మోకాళ్లకి మట్టి పట్టీలు, సాయంత్రం డాన్సు. ఆ డాన్సుల మీదా, అక్కడ కొత్తగా కుదిరే జంటల మీదా ఉన్నన్ని జోకులు మా వాళ్లకి అత్తగార్ల మీద కూడా లేవు. ఆ మాట వినగానే నవ్వడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

కలీనా లేచి కోటు తీసుకుంది.

"ఆగండి. ప్లీజ్. నేనొట్టి మూర్ఖుణ్ణి."

"ఆ సంగతి నిన్ననే తెలిసింది" అంది. కానీ కూర్చుంది. కాసేపు కోటు బొత్తాములతో ఆడుకుంది.

"ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి తలుపు తీశాను. బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చునుంది రూతా. తాతతో పార్కుకి వెళ్లాలి. 'తాతేడీ?' అంది. నా నోట్లోంచి ఆ మాట ఎలా ఊడిపడిందో నాకే తెలీదు. సాయంత్రం చెబుదామనుకున్నా. తర్వాత, అంత్యక్రియలయ్యాక అనుకున్నా. అక్క రైళ్లలో పనిచేస్తుంది, సగం రోజులు ఇంట్లోనే ఉండదు. నువ్వు మొదలెట్టావు, నువ్వే చెప్పు అంది. అమ్మ ఆ మాటెత్తితే ఏడుస్తుంది. ఇదిగో, చెట్ల ఆకులు కూడా రాలిపోయాయి."

"తను అడగదా?"

"మొదట్లో రోజూ అడిగేది. ఇప్పుడు అడగడం లేదు. అదే నాకు భయం."

వాన పెద్దదైంది. హోటలావిడ తలుపు మూసింది.

"వచ్చే వారం, శనివారం సమాధుల పండగ" అంది కలీనా. "ఏటా తాత చెయ్యి పట్టుకుని దీపాలు పెట్టడానికి వెళ్లేది. ఈసారి అక్షరాలు కూడా వచ్చేశాయి. రాతి మీద పేరు తనే చదువుకుంటుంది. ఈలోపు నేనే చెబుతాను. నా నోటితో. మీరు ఆదివారమే చెప్పేస్తే, మా నాన్న పోయాడని దానికి బురద రాక్షసి చెప్పినట్టవుతుంది."

"అయితే ఆదివారం తనని తీసుకురాకండి."

"గ్రూపంతా వెళ్తుంటే ఇదొక్కతీ ఇంట్లోనా? రోజూ కాగితాలతో టికెట్లు కత్తిరించి మా అమ్మకి అమ్ముతోంది."

రాసింది మార్చకూడదన్నది మా పనిలో మొదటి నీతి. నాకు ఆ పని నేర్పినాయన ఇంకేమీ నేర్పకపోయినా అది మాత్రం నేర్పాడు. కానీ కలీనా కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నా బుద్ధి అప్పటికే మోకాల్లోకి దిగిపోయింది.

"సరే. ఒక్క మాటే" అన్నాను.

పోస్టరు మీద ఐదు అని రాశారు లుద్మీలా గారు. "ఇంత తొందరగా ఒప్పందమైందంటే ఏదో ఉంది" అని నా వైపు అనుమానంగా చూశారు.

* * *

మర్నాడు, శనివారం, కలీనా నడిపే ట్రామ్ ఎక్కాను. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకి. చివరి స్టాప్‌లో ట్రామ్ ఖాళీ అయ్యాక తను డ్రైవర్ గది తలుపు తీసుకుని వచ్చింది.

"ఎక్కడికెళ్లాలి మీరు?"

"ఎక్కడికీ కాదు."

"మరి టికెట్ ఎందుకు కొన్నారు?"

"చెకింగ్ వాళ్లొస్తే మీ పరువు పోతుందని."

ఈసారి నవ్వింది. దాచుకోలేదు. గసగసాల తీపి రొట్టె సగం తుంచి నాకిచ్చింది. పెద్ద సగం తనే ఉంచుకుంది, ఆ విషయం గమనించానని చెప్పాను. "డ్యూటీలో ఉన్నదాన్ని నేను, నువ్వు ఊరికే తిరుగుతున్నావు" అంది. ఆ 'నువ్వు' ఎప్పుడు వచ్చి కూర్చుందో ఇద్దరం పట్టించుకోలేదు.

"కలీనా, ఇవాళే చెప్పెయ్యి. సినిమాకి ముందే."

తన మొహం మారిపోయింది. "చావు కబురు చల్లగా చెప్పడం ఎలాగో నీకు తెలిస్తే నేర్పు. నువ్వు రోజూ మైకులో చెబుతావు, నీకు తేలిక. నేను తన జడలు వేస్తూ చెప్పాలి."

నేను మిగిలిన రొట్టె తన చేతిలో పెట్టాను.

"రేపు సినిమా అయ్యాక చెబుతాను. ఒట్టు" అని వెళ్లి గంట కొట్టింది.

* * *

ఆదివారం రూతాని చూశాను. రెండు జడలు, ముందు పన్ను ఒకటి లేదు. అమ్మమ్మ స్తెఫానియా గారి చెయ్యి విదిలించుకుని తిన్నగా నా దీపం దగ్గరికి వచ్చింది.

"రాక్షసి నువ్వేనా?"

"నేనే."

"నోరు తెరువు."

తెరిచాను. లోపలికి తొంగి చూసింది. "ఏం లేదు" అని పిన్నికి ప్రకటించింది.

"భయమేస్తే నా దీపం వైపు చూడు" అన్నాను.

"అక్కర్లేదు. భయమేస్తే ముక్కు మూసుకోవాలి. మా తాత చెప్పాడు."

వెళ్లి మూడో వరుసలో అమ్మమ్మకీ పిన్నికీ మధ్య కూర్చుంది. హాలంతా ఉడుతలు. కిచకిచలు, కిటికిటలు. దీపాలు ఆరాయి.

చిత్తడి అవ్వ బురదలోంచి లేచినప్పుడు హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. అది సంతోషంతో అరిచే అరుపు, నాకు తేడా తెలుసు. కప్పని కక్కినప్పుడు చప్పట్లు. నేను గురువారం కంటే కాస్త తగ్గించే చదివాను, అయినా ఒక పాప వెనక్కి తిరిగి "అవ్వకి జలుబు చేసింది" అంది. అంతా బాగానే సాగింది.

తర్వాత పొగమంచు వచ్చింది. పడవ వచ్చింది. నా ముందున్న కాగితంలో ఆ మాట నాకు కనిపిస్తూనే ఉంది. దాని పక్కనుంచి నడిచిపోయాను.

"ఊనా, మీ తాతయ్య చాలా దూరం వెళ్లాడు. వైద్యానికి. బాగయ్యాక వస్తాడు."

ఆ తర్వాత మొదలైంది.

"అబద్ధం!"

"ఇక్కడే పడుకుని ఉన్నాడుగా!"

"చచ్చిపోయాడు. మా కుందేలు కూడా అలాగే పడుకుంది."

టీచర్ 'ష్‌ష్' అంటోంది. ఎవరు వింటారు? పిల్లల్ని మోసం చెయ్యొచ్చనుకునేవాళ్లు ఓ ఆదివారం మా హాలుకి రావాలి. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మూడో వరుసలోంచి రూతా గొంతు వినిపించింది. ఏడవడం లేదు. తెలియనివాళ్లకి పాఠం చెబుతున్నట్టుగా, ముక్కు మూసుకునే చెబుతోంది.

"కాదు. చచ్చిపోలేదు. వైద్యానికే వెళ్లాడు. అక్కడ డాన్సులు ఉంటాయి. అక్కడ వాళ్లకి ఇంకో పిల్ల దొరుకుతుంది. ఆ పిల్ల బాగుంటుంది. అందుకే ఇంక రారు."

స్తెఫానియా గారు "అయ్యో దేవుడా" అన్నారు.

"ఎవరు చెప్పారు నీకు?" అంది కలీనా.

"మెట్ల మీద పక్కింటివాళ్లు చెప్పుకున్నారు. శానటోరియంకి వెళ్తే ఇంకోరు దొరుకుతారు, ఇంటికి రారు అని. నవ్వుకున్నారు. నేను విన్నా." రూతా ముక్కు వదల్లేదు. "నా పుట్టినరోజుకి కూడా తాత రాలేదు కదా. ఆ పిల్లకి పుట్టినరోజు అయ్యుంటుంది."

మైకు ఆపేశాను. తెర మీద ఊనా పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. ఎదుట ఉన్న కాగితంలో నిజం ఉంది. నేను చదివేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. కానీ అది నా నోటితో రాకూడదని కలీనా అడిగింది, ఆ సంగతి ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఎదురుచూశాను. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

కలీనా సీటులోంచి జారి రూతా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"రూతా, నేను నీకు అబద్ధం చెప్పాను. తాతయ్య శానటోరియంకి వెళ్లలేదు. ఇంకో పిల్ల ఎవరూ లేరు. తాతయ్య చనిపోయారు."

"ఎప్పుడు?"

"నువ్వు బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నావే, ఆ రోజు."

రూతా చాలాసేపు ఆలోచించింది. "అంటే అలిగి కాదా?"

"కాదు తల్లీ."

"నేను ఆయన కళ్లజోడు విరగ్గొట్టాను. దానికి కాదా?"

"దానికసలు కాదు. గుండె ఆగిపోయింది. రాగలిగితే నీ దగ్గరికే వచ్చేవారు. నడుచుకుంటూ వచ్చేవారు."

అప్పుడు ముక్కు వదిలింది రూతా. అప్పుడు ఏడ్చింది. అమ్మమ్మా, పిన్నీ, మనవరాలూ ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు, అన్నాళ్లూ దాచిందంతా. పైన లుద్మీలా గారు సినిమా ఆపి దీపాలు వేశారు. ఉడుతల గ్రూపు కిక్కురుమనలేదు. కుందేలు పోయిన పాప లేచి వచ్చి తన చేతిరుమాలు రూతా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది.

ఒక తండ్రి నా దగ్గరికొచ్చి, "ఇందుకే ఇలాంటి సినిమాలు వెయ్యొద్దనేది" అన్నాడు. బట్టలు సర్దుకుని వెళ్లిపోవాలనే ఉంది నాకు.

కాసేపటికి రూతా మొహం పైకెత్తింది. కళ్లు, ముక్కు ఎర్రగా ఉబ్బిపోయాయి. నా వైపు చూసింది.

"తర్వాత ఆ పిల్ల ఏం చేసింది?"

"ఏ పిల్లమ్మా?"

"ఊనా. వాళ్ల తాత చచ్చిపోయాక ఏం చేసింది?"

నేను కలీనా వైపు చూశాను. కలీనా మొహం తుడుచుకుని తల ఊపింది. లుద్మీలా గారు సినిమాని కొంచెం వెనక్కి జరిపారు. దీపాలు ఆరాయి. రూతా పిన్ని ఒళ్లో కూర్చుంది.

పొగమంచు. పడవ. నాకు నటించడానికి గొంతు లేదు. అందుకే టీవీలో వినీ వినీ పెరిగిన ఆ పాత గొంతుతో, రైలు ఆలస్యమని చెప్పేవాడిలాగే చదివాను.

"ఊనా, మీ తాతయ్య చనిపోయాడు. ఇక రాడు. పడవ మాత్రం నీది. తెడ్డు పట్టుకో, ఒడ్డు ఎటో నేను చెబుతాను."

ఈసారి ఎవరూ అబద్ధమని అరవలేదు. ఊనా తెడ్డు పట్టుకుంది. చిత్తడి అవ్వ తన రెల్లు జుట్టు పక్కకి తీసి దారి చూపించింది. రూతా కళ్లార్పకుండా చివరిదాకా చూసింది.

* * *

అందరూ వెళ్లాక మెట్ల దగ్గర కలీనా నా ముందు నిలబడింది. వాన తగ్గింది.

"పోస్టరు మీద ఏం రాయమంటావు?" అన్నాను.

"ఐదే ఉంచు. ఐదేళ్ల పిల్లలు నిజాన్ని తట్టుకోగలరు. నేనే తట్టుకోలేకపోయాను." తర్వాత ఉరిమి చూసింది. "నీ మీద నాకు కోపంగా ఉంది."

"ఉండాలి."

"అబద్ధం చదవమన్నది నేనే. బుద్ధి లేక అడిగాను. నువ్వెందుకు చదివావు?"

"నువ్వడిగావని."

"ఎవరడిగినా చదివేస్తావా?"

"లేదు. ఇంతవరకూ ఎవరడిగినా చదవలేదు. నువ్వడిగితే మాత్రం కాదనలేకపోయాను. అదే నాకు భయంగా ఉంది, కలీనా. నువ్వంటే నాకు అంత ఇష్టం."

కలీనా నేల వైపు చూసింది, గొడుగు వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. "అయితే ఒక మాట. ఇంకోసారి నేను అబద్ధం చెప్పమని అడిగితే చెప్పకు. ఎంత ఏడ్చినా సరే."

"ఇంకోసారి ఉంటుందా?"

"చాలాసార్లు ఉంటుంది. నా సంగతి నాకు తెలుసు" అంటూ నా కోటు కాలరు సరిచేసింది. సరిచేశాక కూడా చెయ్యి తియ్యలేదు.

వెనక నుంచి స్తెఫానియా గారు దగ్గారు. "బాబూ, శనివారం నీకు ఖాళీయేనా? మేము సమాధుల దగ్గరికి వెళ్తున్నాం. ఆయన దగ్గరికి. నువ్వూ రా."

మా వైపు అబ్బాయిని భోజనానికి పిలిస్తే అది మర్యాద. ఇంట్లో పోయినవాళ్ల దగ్గరికి పిలిస్తే ఇంట్లో మనిషి కిందే లెక్క. కలీనా నోరు తెరుచుకుని వాళ్లమ్మని చూస్తోంది.

"ఏం చూస్తావే? దాచుకునే నెలలు అయిపోయాయి. అన్నీ చెప్పేద్దాం ఇంక" అన్నారావిడ.

* * *

చామంతులు కొన్నాను. మామూలు రోజుల్లో మా అమ్మాయిలకి చామంతులు ఇస్తే చెంప పగులుతుంది, అవి సమాధుల పూలు. నేను కలీనా కోసం మొట్టమొదట మోసుకెళ్లిన పూలు మాత్రం అవే. తెల్ల చామంతుల కుండీ రెండు చేతులా పట్టుకుని గేటు దగ్గర నిలబడితే, తను దూరం నుంచే చూసి నవ్వింది, కళ్లు తుడుచుకుంది, రెండూ ఒకేసారి.

ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఎక్కడ చూసినా గాజు గిన్నెల్లో దీపాలు. రూతా తన దీపాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రాతి ముందు గొంతుక్కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది.

"వ... లెం... తీ." వెనక్కి తిరిగి, "మీరందరూ అటు తిరగండి. వినకండి" అంది.

అటు తిరిగాం. కానీ విన్నాం.

"తాతయ్యా, ఈయన తిమోన్ బాబాయ్. సినిమాలో అబద్ధం చదివాడు, తర్వాత నిజం చదివాడు. నోట్లో ఏమీ లేదు, నేను చూశా." బాబాయ్ అనమని నేర్పిందెవరో నేను అడగకుండానే కలీనా చెవులు ఎర్రబడ్డాయి.

రూతా గొంతు తగ్గించింది.

"నీ మీద కోపం వచ్చింది నాకు. ఇప్పుడు లేదు. నీకు ఇంకో పిల్ల లేదుట కదా. నాకూ ఇంకో తాత లేడు."

కలీనా నా భుజంలో మొహం దాచుకుంది. చామంతి కుండీ కింద పెట్టి ఆమెను పట్టుకున్నాను. రూతా మాట్లాడ్డం అయ్యేదాకా మేం ఎవరం ఇటు తిరగలేదు.